కళావతి వయసు

హన్మకొండలో కిషన్ రావు నడిపే కంప్యూటర్ సెంటర్‌లో ఒక కట్టడి ఉండేది. చేసిన పని సరిగా నడుస్తోందో లేదో చూడడానికి తెర మీద ఏ పేరైనా రాయవచ్చు గానీ, బతికున్నవాళ్ల పేరు మాత్రం రాయకూడదు.

కిషన్ రావు లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినవాడు. చేసి ఏం లాభం, కంప్యూటర్ మీద నిమ్మకాయా మిరపకాయలూ వేలాడేవి. దసరా నాడు ఆయన కీబోర్డుకు బొట్లు పెడితే ఆ కుంకుమ మీటల సందుల్లోకి దిగింది. దీపావళి వచ్చేదాకా ఒక మీట మొరాయిస్తూనే ఉంది. దుకాణాలకూ, బడులకూ, మిల్లులకూ కావలసిన ప్రోగ్రాములు అక్కడ తయారయ్యేవి. గుమాస్తా కూర్చుని నింపే పచ్చటి అక్షరాల పేజీని వాళ్లు తెర అనేవాళ్లు. కొత్త తెర తయారైతే దాంట్లో ఒక పేరు రాయాలి, దాచాలి, మళ్లీ తెరిచి మార్చాలి, ఆఖరుకు చెరపాలి. ఆ చెరిపే దగ్గరే కిషన్ రావుకు గుండెల్లో రాయి పడేది.

"మంచిగున్న మనిషి పేరు రాసుడు, మల్ల మన చేతులతోటే చెరుపుడు. ఏ గడియ ఎట్లుంటదో ఎవలకెరుకమ్మా," అనేవాడు.

అందుకని ఎప్పుడో నిజాం కాలంలో పోయిన తన తాత రాజలింగాన్ని పనిలోకి దించాడు. పాపం ఆ ముసలాయన చచ్చి కూడా సుఖపడలేదు. ఆ చల్లటి గదిలో ఆయన పదో తరగతి పిల్లవాడయ్యాడు, లారీ డ్రైవరయ్యాడు, మిల్లులో రాత్రి షిఫ్టు చేశాడు, పరీక్ష తప్పాడు, రోజుకు పదిసార్లు చెరిగిపోయి మర్నాడు పొద్దున్నే మళ్లీ పుట్టాడు. పోయినవాళ్లను ఎంత చెరిపితే మాత్రం కొత్తగా వచ్చే నష్టం ఏముందని కిషన్ రావు ధీమా.

శకుంతల ఆ సెంటర్‌లో చేరేనాటికి ఈ ఏర్పాటు బాగా పాతుకుపోయింది. ఆమెకు ఇరవై రెండేళ్లు. మట్టెవాడలో పప్పుల దుకాణం పాండురంగం గారి కూతురు. బీఎస్సీ అయ్యాక సంబంధాలు చూస్తూ ఉండగా, ఖాళీగా ఉండడమెందుకని ఆర్నెల్లు కంప్యూటర్ నేర్చుకుంది. సంబంధాలు అక్కడే ఉండిపోయాయి గానీ ఆమె చెయ్యి మాత్రం ఆ విద్యలో తిరిగిపోయింది. తెరలు కట్టడంలో ఆమెకు ఒక ఓపిక ఉండేది. గుమాస్తా ఎక్కడ తడబడతాడో, ఏ గడి ఖాళీగా వదిలేస్తాడో ముందే ఊహించేది.

ఏ పనికైనా పనికొచ్చే చిన్న చిన్న ముక్కలు రాసి ఒక ఫ్లాపీలో దాచిపెట్టింది. దానికి కిషన్ రావు చిల్లర డబ్బా అని పేరు పెట్టాడు. జోడు గీతల చట్రం గీసే ముక్క ఒకటి. బాణం మీట నొక్కుతుంటే వరసలు ఒకటొకటిగా వెలిగేలా చేసే ముక్క ఒకటి. ఖాళీ గడిని వదిలి ముందుకు పోనివ్వని ముక్క, తప్పు తేదీ రాస్తే బీప్‌మని మోగి వెనక్కి తెచ్చే ముక్క, చెరిపే ముందు "నిజంగా చెరపమంటారా" అని అడిగే ముక్క. కొత్త పని రాగానే అందరూ ఆ డబ్బా తెరిచి, కావలసిన ముక్క ఎత్తుకుని, పేర్లు మార్చి అతికించుకునేవాళ్లు.

ఎనభై ఏడు మొదట్లో వరంగల్‌లో ఆడవాళ్లకూ పిల్లలకూ చూసే ఒక దవాఖాన పని వచ్చింది. డాక్టరమ్మ హైదరాబాద్‌లో ఎక్కడో చూసి ముచ్చటపడింది. ఏ మంచం మీద ఎవరున్నారో, ఏది ఖాళీయో కౌంటర్ దగ్గరే తెలిసిపోవాలని కోరింది. శకుంతల తెర గీసింది. పరీక్షించే వేళకు చిక్కొచ్చింది. కాన్పుల వార్డులో రాజలింగం తాతను పడుకోబెట్టడానికి కిషన్ రావుకే మనసొప్పలేదు.

"ఆడపేరు కావాలె. మీ ఇంట్ల పోయినోళ్లు ఎవలన్న ఉన్నరా?" అన్నాడు, పెన్ను అడిగినంత మామూలుగా.

"మా అక్క ఉన్నది," అంది శకుంతల.

"పేరు?"

"కళావతి."

ఎనిమిదేళ్ల తర్వాత ఆ పేరు ఆమె నోట్లోంచి రావడం అదే మొదలు. తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. కిషన్ రావు అదేమీ గమనించకుండా, మంచిది రాయి, అని తన పనిలో పడ్డాడు.

డెబ్బై తొమ్మిది జనవరిలో కళావతికి పచ్చకామెర్లు ముదిరాయి. ఇంటర్ చదివే పిల్ల, పదహారేళ్లు. దవాఖానలో నాలుగో నాటికి మాట తగ్గింది. పాండురంగం మందు చీటీ పట్టుకుని బజారుకు పరిగెత్తాడు. తల్లి సావిత్రి, పిల్లకు గొంతు తడుపుదామని వేడినీళ్ల కోసం కిందికి దిగింది. చెంబుతో మెట్లెక్కి వచ్చేసరికి అయిపోయింది. ఆ ఘడియలో పక్కన ఎవరూ లేరు. ఆ రోజు నుంచి సావిత్రి ఆ పేరు ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. పక్కింట్లో ఇంకో కళావతి ఉంటే, ఆమెను కూడా ఆ పిల్ల, ఆ పిల్ల అనే పిలిచేది. ఇంట్లో మనిషి పోవడం ఒక బాధయితే పేరు కూడా పోవడం ఇంకో బాధ. ఆ రెండో బాధ శకుంతల ఒంటరిగానే మోసింది.

మొదట్లో కొన్నాళ్లు ఆమె రాజలింగం తాతను చెరిపినట్టే అక్కనూ చెరిపేది. రాసేది, మంచం ఇచ్చేది, మార్చేది, చెరిపేది. తెర మీద ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి అది అక్క కాదు, వట్టి పరీక్ష అని తనకు తాను చెప్పుకునేది.

ఆ తర్వాత వయసు ముక్క రాసింది.

పేషెంట్లకు తమ వయసు సరిగా చెప్పడం రాదని డాక్టరమ్మ ఫిర్యాదు. పుట్టిన తేదీ తెలిసినవాళ్లకు వయసు తెరే లెక్కకట్టాలంది. అదేం పెద్ద విద్య కాదు. ఈ ఏడులోంచి పుట్టిన ఏడు తీసెయ్యాలి. ఈ ఏటి పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించాలి. చనిపోయినవాళ్లకయితే ఇవాళ్టి తేదీ బదులు పోయిన తేదీ తీసుకోవాలి, లేకపోతే వాళ్ల వయసు పెరుగుతూనే పోతుంది. శకుంతల అవన్నీ ఆలోచించి, నాలుగు వరుసల్లో ముక్క రాసి, కళావతి పుట్టిన తేదీ కొట్టి, మీట నొక్కింది.

తెర మీద ఇరవై నాలుగు అని పడింది.

ఆమె చెయ్యి మీటల మీదే ఉండిపోయింది. లెక్క తప్పేమోనని వేళ్ల మీద చూసుకుంది. తప్పలేదు. అక్క పదహారేళ్ల దగ్గర ఆగిపోయింది, తను పెరిగి పెరిగి అక్కను దాటేసింది, కొన్నేళ్లుగా తనే పెద్దది. అది ఆమెకు లోలోపల ఒక దొంగతనంలా అనిపించేది. ఇప్పుడు ఈ పెట్టె ఒక్క మాటతో అక్కను మళ్లీ అక్కను చేసింది. ఏసీ గాలికి కిటికీ పరదా కదిలింది. శకుంతలకు భయం వేసింది, దాని వెనకే పట్టలేనంత సంతోషం కూడా వేసింది. ఆ రోజు ఆమె ఆ పేరు చెరపలేదు.

అప్పటినుంచి అందరికంటే ముందే సెంటర్‌కు వచ్చేది. దుమ్ము పడకుండా చెప్పులు గది బయటే విడవాలి. తన చెప్పులు కాస్త పక్కకు జరిపి విడిచేది, ఇంకో జతకు చోటు కావాలన్నట్టు. తెర తెరిచి ఆ పేరు చూసుకునేది. ఏప్రిల్‌లో ఒక పొద్దున, ఎవరూ ఏ మీటా నొక్కకుండానే, ఇరవై నాలుగు కాస్తా ఇరవై అయిదు అయింది. ఎందుకయిందో ఆమెకు తెలుసు. ఆ ముక్క రాసింది తనే, ఆ రోజు అక్క పుట్టినరోజు. తెలిసి కూడా మెడ వెనక చెయ్యి పడ్డట్టు వెనక్కి తిరిగి చూసింది. గదిలో యంత్రం హోరు తప్ప ఏమీ లేదు.

మెల్లగా మిగతా గడులూ నిండాయి. ఎత్తు అయిదడుగుల రెండు అంగుళాలు, అమ్మ అంత. బరువు కాస్త ఒళ్లు చేసినట్టు. ఒకరోజు పెళ్లయిందని రాసింది, మనసు ఒప్పక మర్నాడు మార్చింది. బస్సులో పాతికేళ్ల ఆడమనిషి కనిపిస్తే చాలు, గాజుల సైజు దగ్గరనుంచి నడక దాకా పరీక్షగా చూసేది. ఎన్ని చూసినా, కళ్లు మూసుకుంటే మాత్రం రిబ్బన్లు కట్టిన రెండు జడల పిల్లే కనిపించేది. పాతికేళ్ల అక్క ముఖం ఎలా ఉంటుందో ఆమెకు ఎంతకీ అందలేదు. జూన్ మొదట్లో మంచాల తెర పరీక్షించినప్పుడు, ఆ రోజు తేదీన చేరినట్టు రాసి, కిటికీ పక్క మంచం అక్కకే ఇచ్చింది.

జూన్‌లో ఆ ప్రోగ్రామును దవాఖాన కౌంటర్‌లో ఎక్కించారు. ఎక్కించే ముందు పరీక్ష పేర్లన్నీ తీసెయ్యాలి. శకుంతల ఒక్కొక్కటే చెరుపుకుంటూ వచ్చింది. కళావతి దగ్గర తెర ఆగింది. నిజంగా చెరపమంటారా, అని అడిగింది. ఆ ప్రశ్న పెట్టింది తనే. ఇన్నాళ్లూ దాన్ని చూడకుండానే అవును మీట నొక్కేది, ఆ రోజు మాత్రం చదివింది. కాదు, అని నొక్కి, ఫ్లాపీ తీసుకుని లేచింది. ఒక్క పేరే కదా, ఎవరికి అడ్డం, అనుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మ కొత్త ఆజ్ఞ పెట్టింది. ఒకసారి చేరిన పేషెంటు పేరు కౌంటర్‌లో ఎవరూ చెరపకూడదు, పంపించడం ఒక్కటే దారి. శకుంతల ఆ చెరిపే దారి కూడా తనే మూసేసి వచ్చింది.

వానలు తగ్గి సెప్టెంబర్ వచ్చేసరికి ఊరంతా జ్వరాలు. ఒక ఉదయం దవాఖాన కౌంటర్ గుమాస్తా ఇమ్మానుయేలు సెంటర్‌కు ఫోన్ చేశాడు.

"మేడం, ఒక మంచం లెక్క తెగుతలేదు. జర వచ్చి చూడున్రి. ఈడ మనుషులు నేల మీద పండుతాండ్రు."

కిషన్ రావు హైదరాబాద్ పోయాడు. ఫైళ్లు లోపలినుంచి విప్పి సరిచేసే ఫ్లాపీ ఆయన సంచిలోనే ఉంది. వట్టి చేతులతో శకుంతల బస్సెక్కి వరంగల్‌కు వచ్చింది. దారంతా ఏ మంచం అని తనను తాను అడగలేదు. అడగనవసరం లేదు.

దవాఖాన వరండా నిండా మనుషులు. కౌంటర్ ముందే, మరిపెడ నుంచి తొలి బస్సుకు వచ్చిన రాజక్క అనే ఆమె నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆరేడేళ్ల కూతురు. పిల్ల కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు. రాజక్క కొంగు తడిపి నుదుటి మీద వేస్తోంది, అది క్షణంలో వెచ్చబడుతోంది, మళ్లీ తడుపుతోంది.

ఇమ్మానుయేలు గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. తెర మీద ఖాళీ మంచం చూపిస్తేనే కేసు కాగితం వస్తుంది. కేసు కాగితం ఉంటేనే సెలైన్ గానీ సూది గానీ. డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది, ఎప్పుడు బయటికొస్తుందో తెలియదు. వార్డులో అన్ని మంచాలూ నిండాయి, కిటికీ పక్కది తప్ప. దాని మీద మనిషి లేదు, తెర మాత్రం ఉందంటోంది.

"ఎవలో కళావతి అంట. జూన్ల చేరిందట. ఎండకాలం మంచాలు మస్తుగుండె, నేను ఫికర్ చెయ్యలే. కేసు కాగితం ఏడ్నో పోయిందనుకున్న," అన్నాడు.

"ఇన్నిరోజులు ఎవ్వలు అడగలేదా?"

"కృపమ్మనడుగున్రి. రోజూ పొద్దుగాల మంచాల చిట్టీ మిషన్ల తీసి ఆమెకే ఇస్త."

వార్డు ఆయా కృపమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. శకుంతల ఆమె వెంట లోపలికి పోయింది. కిటికీ పక్క మంచం మీద తెల్లటి దుప్పటి, స్టూలు మీద మూత పెట్టిన గ్లాసులో మంచినీళ్లు. మిగతా మంచాల మీద తల్లులూ పిల్లలూ ఇరుక్కుని పడుకుని ఉంటే, దాని దగ్గరకు మాత్రం ఎవరూ పోలేదు.

"చిట్టీల పేరున్నది గదమ్మా, నేను దుప్పటి మార్చుడు మార్చుడే," అంది కృపమ్మ. "బాత్రూమ్ కాడికో, చెట్ల కాడికో పోయి ఉంటదనుకున్న. పొద్దుగాల వేసిన దుప్పటి మాపటికి ముడతలు పడి ఉంటది. నీళ్లు కొంచెం తగ్గుతయి."

శకుంతల ఆమె వైపు తిరిగింది. "నువ్వు చూసినవా ఆమెను?"

"ఎనకనుంచి ఒకసారి చూసినట్టే ఉన్నది. కిటికీల నుంచి బయటికి చూస్తాంది."

"రెండు జడలా?"

"ఎందుకమ్మా రెండు జడలు, చిన్నపిల్లనా ఏంది. పెద్దమనిషే. ఒక్క జడ, నడుము దాక."

కిటికీ చువ్వల్లోంచి ఎండ ఆ దుప్పటి మీద పడుతోంది. తను ఎంత ప్రయత్నించినా ఊహించలేకపోయిన అక్కను ఈ ముసలామె వెనకనుంచి చూసింది. చూసిందో, చిట్టీ మీద వయసు చదివించుకుని అనుకుందో. శకుంతలకు ఏడుపు రాలేదు, ఆ దుప్పటి మీద చెయ్యి వేసి చూడాలనిపించింది. వేసే ధైర్యం మాత్రం లేకపోయింది. వెచ్చగా ఉంటే ఏం చెయ్యాలి.

బయట పిల్ల ఒక్కసారి గట్టిగా మూలిగింది. రాజక్క, బిడ్డా బిడ్డా అంటూ దాని చెంపలు తట్టింది. శకుంతల కౌంటర్ దగ్గరకు వచ్చి కుర్చీలో కూర్చుంది.

"పిల్లను ముందుగాల మంచం మీద పండుకోబెట్టున్రి," అంది.

"పండుకోబెడ్త మేడం. కాగితం లేంది కంపౌండర్ సూదియ్యడు. ఆయినె ఉద్యోగం ఆయినెకు భయం," అన్నాడు ఇమ్మానుయేలు.

ఆమె కళావతి పేరు తెరిచింది. వయసు ఇరవై అయిదు. పంపించే తెర పైకి వచ్చింది. అందులో మూడే దారులు, మూడూ తను పెట్టినవే. ఒకటి, నయమై ఇంటికి. రెండు, వేరే దవాఖానకు. మూడు, మరణం. వీటిలో ఏదో ఒకటి ఎంచుకుంటే తప్ప మంచం ఖాళీ కాదు.

ఒకటో మీట మీదకే వేలు పోయింది. నొక్కింది. ఎవరితో పోతున్నారు, అని గడి వెలిగింది. సావిత్రి అని రాసింది. బంధుత్వం, అమ్మ. చిరునామా, మట్టెవాడ. ఇంకొక్క మీట నొక్కితే అయిపోయేది. పాతికేళ్ల కళావతి ఒక్క జడతో మట్టెవాడ గల్లీలో నడిచి వస్తున్నట్టూ, అమ్మ తలుపు తీస్తున్నట్టూ కళ్ల ముందు కదిలింది. తీసి అమ్మ ఏమంటుంది, ఏ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ ఇంట్లో ఆమెను పిలవడానికి పేరే లేదు. ఇంటికి పంపించినా ఆమె ఇల్లు చేరదు. ఏటేటా ఈ పెట్టెలో ఒక్కో ఏడు మీద వేసుకుంటూ, ముప్పై అయి, నలభై అయి, ఏదో ఒక కిటికీ దగ్గర ఎవరైనా వస్తారేమోనని చూస్తూ ఉంటుంది. అక్కను అలా ఉంచినది తనే. బతికించాననుకుంది గానీ కాపలా పెట్టింది.

శకుంతల రాసినదంతా రద్దు చేసి వెనక్కి వచ్చింది. మూడు నొక్కింది.

తెర తేదీ అడిగింది. ఆమె వేళ్లు తడుముకోకుండా డెబ్బై తొమ్మిది జనవరి తేదీ కొట్టాయి. బీప్ మోగింది. తేదీ తప్పు, దవాఖానలో చేరిన రోజు కంటే ముందు ఉండకూడదు. ఆమె మళ్లీ అదే తేదీ కొట్టింది. మళ్లీ బీప్. వరండాలో వాళ్లు తలలు తిప్పి చూశారు. గుమాస్తాలు నిద్రమత్తులో తప్పు తేదీలు రాయకుండా ఈ ముక్క రాసిన రోజున కిషన్ రావు అందరినీ పిలిచి చూపించి మరీ మెచ్చుకున్నాడు. దీన్ని దాటి ఏ తప్పూ పోదన్నాడు. తప్పు పోదు, నిజమూ పోదు. అక్క ఎప్పుడు పోయిందో లోకమంతటికీ తెలిసినా ఈ పెట్టె మాత్రం ఒప్పుకోదు. జూన్‌లో చేరిన మనిషి జనవరిలో ఎలా పోతుంది.

"మేడం, ఈమె ఎవలు?" అన్నాడు ఇమ్మానుయేలు, తెర మీది తేదీ చూసి.

"మా అక్క."

అతను కుర్చీ వెనక్కి జరిగి నిలబడ్డాడు.

మంచం ఖాళీ కావాలంటే ఒకే తేదీ మిగిలింది. శకుంతల అటు చూసింది. పిల్ల పెదవులు పగిలి ఉన్నాయి. రాజక్క ఏమీ అడగడం లేదు, అడిగే ఓపిక కూడా అయిపోయి ఊరికే ఈమె చేతుల వంక చూస్తోంది. కళావతి పడుకున్నప్పుడు అమ్మ కూడా ఎవరెవరి చేతుల వంకో ఇలాగే చూసి ఉంటుంది. శకుంతల తెర వైపు తిరిగి ఆ రోజు తేదీ కొట్టింది. వేళ అడిగితే గోడ గడియారం చూసి పదకొండు అని రాసింది. బీప్ మోగలేదు. పక్కన ఇమ్మానుయేలు కళ్లు మూసుకుని, తల వంచి, పెదవుల్లోనే ప్రార్థన చేసుకున్నాడు.

ఆమె ఆఖరి మీట నొక్కింది. కిటికీ పక్క మంచం ఖాళీ అని తెర చూపించింది. అక్క వయసు ఇరవై అయిదు దగ్గర ఆగింది, ఇక ముప్పై రాదు. ప్రింటర్ గరగరమంటూ పిల్ల పేరున కేసు కాగితం కక్కింది. కృపమ్మ వచ్చి పిల్లను రెండు చేతుల్లో ఎత్తుకుని లోపలికి పోయింది. దుప్పటి మార్చకుండానే పడుకోబెట్టింది, రోజూ పొద్దున మార్చేదే కదా. సూది పడి, సెలైన్ ఎక్కి, పిల్ల కళ్లు కాస్త మూతపడేదాకా శకుంతల తలుపు దగ్గరే నిలబడింది. కిటికీ దగ్గర ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. చువ్వల మీద ఎండ తప్ప ఏమీ లేదు. అప్పుడు ఏడ్చింది. ఎనిమిదేళ్ల కింద పద్నాలుగేళ్ల పిల్లగా ఉండి, ఎవరూ ఏడవనివ్వక దాచుకున్న ఏడుపంతా ఆ గడప మీద ఏడ్చింది. వార్డులో ఆడవాళ్లు ఎవరో దగ్గరివాళ్లు పోయారనుకుని పక్కకు జరిగి చోటిచ్చారు.

సెంటర్‌కు ఆ రోజు మళ్లీ పోలేదు. సరాసరి మట్టెవాడకు వచ్చింది. ముందు తలుపు నుంచి ఇంట్లోకి పోకుండా, దేన్నీ ముట్టుకోకుండా పక్కసందులోంచి పెరట్లోకి పోయింది. చేదబావి పక్క నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని, కట్టుకున్న చీరతోనే చెంబుతో తల మీద నీళ్లు పోసుకుంది.

చప్పుడు విని సావిత్రి వంటింట్లోంచి వచ్చింది. పట్టపగలు కూతురు ఇంట్లోకి రాకుండా తల మీద నీళ్లు పోసుకుంటోందంటే ఏ తల్లికైనా ఒకటే అర్థం. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

శకుంతల చెంబు పక్కన పెట్టింది. "మన కళక్క పోయిందమ్మా."

సావిత్రి అరవలేదు, ఇదేం మాటని కసరలేదు. ఆ పేరు ఎవరి నోటనుంచి వచ్చినా లేచిపోయే మనిషి, గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎప్పుడు?" అంది.

"ఇయ్యాల పొద్దుగాల. పదకొండింటికి."

సావిత్రి గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకేసింది.

"దగ్గర ఎవలన్న ఉన్నరా?"

"నేనున్నమ్మా. నేను దగ్గర్నే ఉన్న."

సావిత్రి మెట్లు దిగి వచ్చింది. కూతురి పక్కన తడి బండ మీద కూర్చుంది. కొప్పు ముడి విప్పింది.

"నాకు గూడ పొయ్యి," అంది.